తమ్ముడి పూట

మా తాత పోయేముందు పోడుభూమి పంచాడు, ఎడ్లను పంచాడు, పసుపు తవ్వే గునపాల దగ్గర్నుంచి అన్నీ ఇద్దరు కొడుకులకీ సమంగా పంచాడు. జీలుగు చెట్టును మాత్రం పంచలేదు. మా వైపు ఎవరూ పంచరు. చెట్టును పంచితే ఇద్దరికీ కట్టెలే మిగులుతాయి. అందుకని పూటలు పంచుకుంటారు. పొద్దుటి పూట దించే కల్లు అన్నకి, సాయంత్రం పూట దించేది తమ్ముడికి. అలా మా పెద్దయ్యకి, అంటే మా అయ్య అన్నకి, పొద్దుటి పూట వచ్చింది. మా అయ్యకి సాయంత్రం పూట వచ్చింది. ఈ పంపకం ఏ కాగితం మీదా ఉండదు. పట్టా ఉన్న భూమి కోసం తలలు పగలగొట్టుకున్నవాళ్ళు కూడా పూట కోసం కొట్టుకోవడం నేను చూడలేదు.

మైదానం వాళ్ళకి కల్లంటే తాడిచెట్టు, కాదంటే ఈతచెట్టు. అరకు వచ్చే టూరిస్టులు జీలుగు చెట్టు పక్కన నిలబడి ఫొటో దిగి, తాడిచెట్టు దగ్గర దిగామని చెప్పుకుంటారు. మొదట్లో సరిదిద్దేదాన్ని. ఇప్పుడు మానేశాను. తాడాకు విసనకర్రలా ఉంటుంది, జీలుగాకు చివర్లు చిరిగి చేపతోకలా ఉంటాయి. కళ్ళున్నవాళ్ళకి ఆ మాత్రం తెలియకపోతే నేనేం చేసేది.

జీలుగును మేం నాటం. కోయకుండా వదిలిన గెల కాయలు కాస్తుంది. ఆ కాయను నలిపితే చేతులు ఒకటే దురద, మనుషులకి పనికిరాదు. పునుగుపిల్లులు తిని గింజలు ఎక్కడెక్కడో పడేస్తాయి. మొలిచినదాన్ని చూసి, చుట్టూ గడ్డి పీకి, ఇది మనది అనుకుంటాం, అంతే. మా చెట్టును అలా అనుకున్నవాడు మా తాతకి తండ్రట. దాని కల్లు ఆయన తాగలేదు. జీలుగు ఎదగడానికి ఒక మనిషి వయసు పడుతుంది.

ఎదిగాక మొదటి గెల తలమీద వేస్తుంది. అది అయిపోయాక దానికింద ఇంకొకటి, దానికింద మరొకటి, అలా కిందికి దిగుతూ వస్తుంది. అన్నిటికంటే కింది గెల అయిపోతే చెట్టు చచ్చిపోతుంది. ఎరువేసినా, నీళ్ళుపోసినా, మొక్కుకున్నా ఆగదు. గెల కాడను పొద్దునా సాయంత్రం సన్నగా ఒక పొర చెక్కి కుండ కట్టాలి. అలా చెక్కుతూ ఉంటేనే ఊట వస్తుంది. చెక్కడం మానేస్తే గాటు ఎండిపోతుంది, ఆ గెల అంతటితో సరి.

అసలు సంగతి తాగడం కాదు, కూర్చోవడం. ఎవరి పూటయినా అన్నదమ్ములిద్దరూ చెట్టుకింద ఉండాలి. చెక్కినవాడు కుండ దించి, అడ్డాకు దొప్పలో మొదట రెండోవాడికి పోస్తాడు, తర్వాతే తను తాగుతాడు. చిన్నప్పుడు నేను వాళ్ళ మధ్య కూర్చుని వినేదాన్ని. గట్టు జరిపావని, ఎద్దును సరిగా మేపలేదని, నిన్న ఎవరి దగ్గరో నన్ను తక్కువచేసి మాట్లాడావని తిట్టుకునేవాళ్ళు. దొప్ప చేతిలో ఉండగా లేచి పోవడానికి లేదు. కాబట్టి కుండ ఖాళీ అయ్యేలోపు తగాదా కూడా ఏదో ఒక దారికి వచ్చేది. మేం ఆడవాళ్ళం కూడా తాగుతాం, దాచేదేం లేదు. మా అమ్మ దొప్పెడు తాగి, ఇద్దరి తప్పులూ చెప్పి వెళ్ళిపోయేది.

పెళ్ళయ్యాక నేను ముంచింగిపుట్టు వచ్చేశాను. సంత జరిగే చోటికి పక్కనే నాకు కుట్టు షాపు ఉంది. మా ఊరు అక్కణ్ణుంచి జీపులో గంట దూరం. ఆదివారాలు వెళ్ళి వస్తుంటాను. కాబట్టి ఇందులో కొంత నేను కళ్ళతో చూసింది, కొంత అమ్మ చెప్పింది.

మా అయ్య దేవుణ్ణి నమ్ముకున్నది జబ్బు చేసిన తర్వాత. జబ్బుకి కారణం జీలుగు కల్లు కాదు, ఇప్పసారా. కల్లుతో మొదలుపెట్టి సారా దాకా పోయాడు, కడుపు చెడింది, కళ్ళు పచ్చబడ్డాయి. ఆస్పత్రిలో ఇంజెక్షన్లు చేశారు, ప్రార్థన వాళ్ళు వచ్చి తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. ఆయన లేచి కూర్చున్నాడు. అయ్య ఆ పుణ్యమంతా ప్రార్థనకిచ్చాడు, అమ్మ ఇంజెక్షన్‌కి ఇచ్చింది. ఎవరికిస్తేనేం, తాగుడు మానేశాడు. దానికి నేను ఇప్పటికీ దండం పెడతాను. తాగి వచ్చిన అయ్యకి భయపడి అమ్మా నేనూ మిరపచేలో దాక్కున్న రోజులు నాకు గుర్తున్నాయి. ప్రార్థన వాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు.

కోపమల్లా అయ్య మీదే. ఆయన ఏదీ కొలతగా చెయ్యడు. తాగినప్పుడు పీకలదాకా తాగాడు, మానేసినప్పుడు చెట్టు నీడ కూడా మానేశాడు. చెట్టు ముందునుంచి పోయే బాట వదిలేసి, గెడ్డ నీళ్ళలో దిగి చుట్టూ తిరిగి తోటకి పోయేవాడు. ఒకరోజు అమ్మ చేత పెద్దయ్యకి కబురు పెట్టాడు, నా పూట నాకొద్దు, ఎవరికైనా ఇచ్చుకో అని.

మా దగ్గర పూట వద్దనుకోవడం అనేది లేదు. మనిషి చచ్చిపోతేనే అతని పూట పోతుంది, పోయి మిగిలినవాడి పూటలో కలుస్తుంది. బతికున్న తమ్ముడు నా పూట వద్దంటే, నువ్వు నాకు అన్నవి కావు అన్నట్టే. మా అయ్యకి ఇది తెలియక కాదు, పుట్టి పెరిగింది ఇక్కడే. కానీ ఆ రోజుల్లో ఆయన కల్లును ఎంత పట్టుదలగా చూడకూడదనుకున్నాడంటే, దాని పక్కన నిలబడ్డ అన్న కూడా కనపడలేదు. తను కల్లు వద్దంటున్నానని అనుకున్నాడు. పెద్దయ్యకి వినపడింది వేరు.

పెద్దయ్య దేవుణ్ణి తప్పుపట్టి ఒక్కమాట అనలేదని అమ్మ చెప్పింది. పందిరి గుంజ పట్టుకుని ఒక్కటే అడిగాడట.

"ఆడి దేవుడు ఆడిది, నాకేటి? పూట ఎందుకొద్దన్నాడు?"

పెద్దమ్మ పోయి చాలా కాలమైంది, వాళ్ళకి పిల్లలు లేరు. ఆయనకి ఉన్న అయినవాడు ఈ తమ్ముడొక్కడే. రెండిళ్ళ మధ్య ఒక పనసచెట్టు తప్ప ఏమీ లేదు.

అయినా పెద్దయ్య రెండు పూటలూ ఎక్కడం మానలేదు. మానితే గెల పోతుంది కదా. సాయంత్రంది తన పూట కాదు కాబట్టి తాగేవాడు కాదు. ఆనపబుర్రలో పోసి మా దడికి తగిలించి వెళ్ళేవాడు. అయ్య ఇంటికి రాగానే ఆ బుర్ర తీసి, అన్న తన అరుగుమీద కూర్చుని చూస్తుండగా కాలవలో పారబోసేవాడు. ఖాళీ బుర్రను మళ్ళీ జాగ్రత్తగా దడికి తగిలించేవాడు. ఆ జాగ్రత్త చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. తిట్టుకోవడానికి కూడా చోటు లేకుండా పోయింది.

అలా కొంత కాలం గడిచింది. తర్వాత సంతలో పెద్దయ్య సున్నం కొనడం గమనించాను. ఆయన వారం వారం పసుపో, చింతపండో, పిప్పళ్ళో తెచ్చి అమ్మి, నా షాపు ముందు బల్లమీద కూర్చుని టీ తాగి పోయేవాడు. ప్రతివారం సంచిలో సున్నం పొట్లం ఉండేది. ఆయనకి ఆకువక్క అలవాటు లేదు. ఇంటికి సున్నం వేసే మనిషీ కాదు. ఏంటి పెద్దయ్యా, ఈ వయసులో ఎవరికి తాంబూలం పంపిస్తున్నావు అని ఆట పట్టించాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి చుట్టూ చూసి, నా మిషన్ దగ్గరికి బల్ల జరుపుకున్నాడు.

కింద మైదానంలో తాటిబెల్లం వండేవాళ్ళు కుండ లోపల సున్నం పూసి కడతారని, అలా చేస్తే ఊట పులవదని సంతలో ఎవరో చెబితే విన్నాడట. తనూ పూసి చూశాడు. పగటి ఎండకి సాయంత్రానికి ఎంతో కొంత పులిసిపోతోంది కానీ, రాత్రి చలిలో ఊరి పొద్దున్నే దించింది మాత్రం పాలలా ఉండి, తియ్యగా నిలబడుతోంది.

"మత్తు నేదు గుంటా. సెరకు రసంలాగున్నాది. ఇది తాగితే ఆడి దేవుడు ఏటంటాడు? నువ్వు సెప్పు మీ అయ్యకి."

పొద్దుటి పూట నీది కదా పెద్దయ్యా అన్నాను. మార్చేశానని చెప్పాడు. పొద్దుటిది తమ్ముడికి, సాయంత్రం పులిసింది తనకి. అది చెప్పేటప్పుడు గొప్పగా చెప్పలేదు, బస్సులో సీటు మారినట్టు చెప్పాడు. మా వైపు అన్న పూటను తమ్ముడికి ఇచ్చిన పెద్దకొడుకు గురించి నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాత వినలేదు. ఆయన వెళ్ళాక జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టేశాను, మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

ఆ ఆదివారం అయ్యకి చెప్పాను. సున్నం సంగతి చెప్పాను, మత్తు ఉండదని చెప్పాను, పూటలు మార్చిన సంగతి కూడా చెప్పాను. అయ్య అప్పుడే ప్రార్థన నుంచి వచ్చి తెల్లచొక్కా విప్పి మడత పెడుతున్నాడు. అంతా విని, సున్నం పూసినా అది కల్లుకుండే కదా అన్నాడు. నాకు కోపమొచ్చి ఏదో అనబోయాను. అప్పుడు ఆయన గొంతు తగ్గించి, నన్ను చూడకుండా, చొక్కాను చూస్తూ మాట్లాడాడు.

"నా సంగతి నాకు తెలుసే. తీపితో మొదలెడితే పులుపు దాకా పోడానికి నాకు ఎంతసేపు?"

ఆయన భయపడుతున్నాడని అప్పటిదాకా నాకు తట్టలేదు. పొగరు అనుకున్నాను. ఆ భయం సంగతి ఆయన అన్నకి చెప్పుకుని ఉంటే పెద్దయ్య చెట్టునే నరికి పారేసేవాడేమో. కానీ అది కూతురికి చెప్పినంత సులువుగా అన్నకి చెప్పగలిగే మాట కాదు. నేను పెద్దయ్యకి చెప్పబోతే అయ్య వద్దన్నాడు. నాకు తెలిసి ఆ ఇంట్లో అందరూ అందరినీ ఏదో ఒకటి చెప్పొద్దనే వాళ్ళే.

ఇక మా అమ్మ తన పద్ధతిలో తను దిగింది. అయ్య పొద్దున్నే కాఫీ తోటకి పోతాడు. ఆ వేళకి అమ్మ చెప్పినట్టే పెద్దయ్య బుర్రను ముందువైపు దడికి కాకుండా పెరటివైపు తగిలించి వెళ్ళడం మొదలుపెట్టాడు. అమ్మ దాన్ని వెడల్పు గిన్నెలో పోసి, పొయ్యిమీద పెట్టి, నురగ తీస్తూ, చిక్కబడేదాకా కాచి, దొప్పల్లో పోసి ఆరబెట్టేది. నల్లగా, కాస్త పొగవాసనతో గట్టి బెల్లం వచ్చేది. దాన్ని చోడి అంబలిలో, అదే రాగి జావలో, కలిపి అయ్యకి ఇచ్చేది. జబ్బు తర్వాత ఆయనకి నోరు చచ్చిపోయి ఏదీ సయించేది కాదు. ఈ అంబలి మాత్రం రెండోసారి అడిగి తాగేవాడు. బెల్లం ఎక్కడిదని అడిగితే, సంతలోది, నీ కూతురే పంపింది అని చెప్పింది. ఆయన నమ్మాడు.

దాంతో నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా అయ్య నన్ను మెచ్చుకునేవాడు. బెల్లం కొనడం నేర్చుకున్నావు, ఆ కొట్టువాణ్ణి వదలకు, వేరేచోట కొనకు అనేవాడు. అలాగే అయ్యా అనేదాన్ని. అమ్మ పొయ్యివైపు తిరిగి నిలబడేది, భుజాలు కదిలేవి. పక్కింట్లో ఉన్న కొట్టువాడికి కూడా ఈ మాట చేరవేసేది అమ్మే. విని పెద్దయ్య నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడట. చిన్నప్పట్నుంచీ ఆడికి తీపి పిచ్చి అన్నాడట. మేం అందరం కలిసి ఒక మొండి పిల్లాడికి మందు పట్టిస్తున్నట్టే ఉండేది. అప్పట్లో అది నాకు సరదాగా ఉండేది.

పెద్దయ్యకి మాత్రం అది సరిపోలేదు. ఒక సంతరోజు నేను, నీ పూట నీ తమ్ముడి కడుపులోకే పోతోంది కదా పెద్దయ్యా, ఇంకేం కావాలి అన్నాను. ఆయన టీ గ్లాసులోకి చూస్తూ, తింటున్నాడు సరే, పక్కన కూర్చోవడంలేదు కదా అన్నాడు. చెప్పెయ్యమంటావా అని అడిగాను. వద్దన్నాడు. చెబితే అది కూడా మానేస్తాడు, తిననీ అన్నాడు. అమ్మదీ అదే మాట. నేనూ ఊరుకున్నాను.

చెట్టు మాత్రం మా కోసం ఆగలేదు. గెలలు కిందికి దిగుతూ వచ్చాయి. కొమ్మల మొదళ్ళు మెట్లలా వదిలిన వెదురుబొంగును చెట్టుకి నిచ్చెనగా కట్టి ఎక్కేవాడు పెద్దయ్య. ఏడాదికేడాది ఆ బొంగు పొట్టిదైపోయింది. ఆయన మోకాళ్ళు కూడా అంతకంతకూ పాడయ్యాయి. చెట్టుకి నా మీద జాలి, నేను ఎక్కలేకపోతే అదే దిగి వస్తోంది అనేవాడు. ఒక చలికాలం నేను వెళ్ళేసరికి నిచ్చెన లేదు. గెల మనిషి ఎత్తులో ఉంది. కింద ఒక దుంగ వేసుకుని, దానిమీద నిలబడి చెక్కుతున్నాడు. దానికింద ఇంక గెల వేసే చోటు లేదని నాకూ తెలిసింది.

ఆ తర్వాతి సంతకి ఆయన ఏమీ అమ్మడానికి తేలేదు. ఊరికే వచ్చాడు. టీ వద్దన్నాడు. నేను మిషన్ ఆపాను.

"ఇదే ఆకరిది. మీ అయ్యని ఒక్కపాలి రమ్మనే. తాగక్కర్నేదు. ఊరకే కూకోమను."

తాగక్కర్లేదు అన్న మాట ఆయన నోట రావడానికి ఇంత కాలం పట్టింది. ఆ మాట ముందే అని ఉంటే, అయ్య తన భయం ముందే చెప్పి ఉంటే అని ఇప్పటికీ లెక్కలు వేస్తుంటాను. ఏ లెక్కా తేలదు.

అయ్యకి చెప్పాను. ఈసారి ఆయన వెంటనే కాదనలేదు. తాగక్కర్లేదన్నాడా అని రెండుసార్లు అడిగాడు. అవునన్నాను. లేచి గుమ్మం దాకా వెళ్ళి, పనసచెట్టు అవతలికి చూసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. కాఫీ కోత నడుస్తోంది, పండు రాలిపోతోంది, కోత కానీ, తప్పకుండా పోతాను అన్నాడు. నాకు ఎంత సంతోషమైందంటే, ఎందుకు రేపే పోకూడదని అడగాలని తోచలేదు. పెరటిదారిన పోయి పెద్దయ్యకి చెప్పాను. ఆయన కత్తి నూరుతున్నాడు. కోత అయిపోయేదాకా దీన్ని నిలబెడతాను, సన్నగా చెక్కుతాను అన్నాడు. అప్పట్నుంచీ ఎంత సన్నగా చెక్కేవాడంటే రాలిన పొర వెలుగులో పెడితే అవతల వేళ్ళు కనపడేవని అమ్మ చెప్పింది.

కోత సగంలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. పొద్దున పెరటి దడికి బుర్ర రాలేదట. చూద్దామని వెళితే పెద్దయ్య చెట్టు మొదట్లో వీపు ఆనించి కూర్చుని ఉన్నాడట. దుప్పటి భుజం మీదే ఉంది, కత్తి ఒళ్ళో ఉంది. పిలిస్తే పలకలేదు. పడిపోయి కాదు, దెబ్బ తగిలి కాదు. చెక్కడం పూర్తిచేసి, కుండ దించి పక్కన పెట్టుకుని, అలా కూర్చుని పోయాడు. నేను జీపు పట్టుకుని వెళ్ళేసరికి మంచు ఇంకా విడలేదు. అయ్య తోటలోంచి వచ్చిన బట్టలతోనే, కాఫీ పళ్ళ జిగురు చేతులతోనే అన్న ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. అరుగు మాత్రం ఎక్కలేదు.

మా వాళ్ళలో మనిషిని గోతిలోకి దించేముందు నోట్లో కల్లు పోస్తారు. పోయాల్సింది పూటలు పంచుకున్నవాడు. ఊరి పెద్దలు ఒకరినొకరు చూసుకున్నారు. మా అయ్యని ఎవరూ అడగలేదు. పూట వదిలేసిన మనిషిని ఏమని అడుగుతారు. ఆయన్ని అడిగితే పోసేవాడో లేదో నాకు తెలియదు. అడగకపోవడంతో ఆయన ముఖం ఎలా అయిందో మాత్రం చూశాను. అంత దూరాన ప్రార్థన వాళ్ళ పక్కన నిలబడి పెదాలు కదుపుతున్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడంలేదు. దూరపు చుట్టం ఒకాయన ముందుకొచ్చి, ఆ పొద్దున దించిన కుండలోదే దొప్పలోకి వంచి పోశాడు. అది సున్నం పూసిన కుండ. తమ్ముడి కోసం పట్టిన తియ్యటి ఊట. అది అమ్మకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, నొప్పి పుట్టేలా పట్టుకుంది.

తర్వాత గెల అలాగే ఉండిపోయింది. చెయ్యి చాపితే అందే ఎత్తులో ఉంది, నేను కూడా చెక్కగలను. కానీ ఒకరి పూటను పిలవకుండా ఇంకొకరు ముట్టరు. చెక్కితే మా అయ్యే చెక్కాలి. ఆయనకి చెప్పి చూద్దామా అని అమ్మను అడిగాను. దుఃఖంలో ఉన్నాడు, ఇప్పుడు వద్దు అంది అమ్మ. రెండ్రోజులు ఊరుకున్నాం. గాటు ఎండి నల్లబడింది.

కొన్నాళ్ళకి ఊరి పెద్దలు అయ్య దగ్గరికి వచ్చారు. చెట్టు చచ్చిపోతోంది, నరికి దూలాలు చేసుకుంటావా, ఎవరికైనా ఇస్తావా, నీ ఇష్టం అన్నారు. నన్నెందుకు అడుగుతారు అన్నాడు అయ్య. రెండు పూటలూ నీవే కదా ఇప్పుడు అన్నారు. ఒక్క పూట వద్దన్న మనిషికి రెండు పూటలూ వచ్చాయి, చుక్క కూడా రాని చెట్టు మీద. ఆయన లోపలికి వచ్చేశాడు. వాళ్ళు కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

ఇంట్లో ఉన్న బెల్లాన్ని అమ్మ పొదుపుగా వాడింది. అదీ అయిపోయింది. నేను వెళ్ళిన ఒక ఆదివారం పొద్దున అమ్మ కొట్లో కొన్న మామూలు బెల్లం అంబలిలో కలిపి ఇచ్చింది. అయ్య ఒక గుక్క తాగి ఆగాడు. ఇది అది కాదన్నాడు. కొట్టు మార్చావా అని నన్ను అడిగాడు. నేను అమ్మను చూశాను. ఇంకోసారి అబద్ధం చెప్పొచ్చు, ఆ కొట్టువాడు ఊరు మారిపోయాడనొచ్చు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆ బెల్లం ఇంక దొరకదు. పట్టినోడు పోనాడు," అంది.

అయ్యకి వెంటనే అర్థం కాలేదు. అమ్మ మొదట్నుంచీ చెప్పింది. పెరటి దడి, పొద్దుటి బుర్ర, పొయ్యిమీద గిన్నె, సంత అని చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పింది. ఆయన వింటూ గిన్నెను రెండు చేతులతో పట్టుకున్నాడు. వదిలేసిన పూట కాదా అది అని అడిగాడు. నువ్వు వదిలేశావు, ఆయన వదల్లేదు అంది అమ్మ. కోతకోసం ఆగిన రోజుల్లో ఆ చివరి గెలను ఎంత సన్నగా చెక్కాడో కూడా చెప్పింది. ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

నేను తింటున్నానని అన్నకి తెలుసా అని అడిగాడు అయ్య. తెలుసు అంది అమ్మ.

"మరి నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే మానేత్తావని."

అయ్య గొడవ చేస్తాడనుకున్నాను. ఇద్దరినీ కలిపి తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును, పడదామనే కూర్చున్నాను. ఆయన కాదనడానికి నోరు తెరిచి మూసుకున్నాడు.

"ఔను," అన్నాడు చివరికి. "మానేద్దును."

మా ఇద్దరిలో ఎవరివైపూ చూడలేదు. గిన్నెలో సగం అంబలి ఉంది. అది తాగలేదు, పారబోయనూ లేదు. అమ్మ తీసుకోబోతే ఇవ్వలేదు.